నక్షత్రం గుర్తు పెట్టి మాట్లాడదాం

వాట్సాప్ గ్రూపుల్లో ఆ పోస్టర్ మీరూ చూసే ఉంటారు. ఎడమ పక్క సంస్కృత పదాలు, కుడి పక్క రష్యన్ పదాలు. నవ – నోవీ. ద్వౌ – ద్వా. భ్రాత – బ్రాత్. కింద పెద్ద అక్షరాల్లో "ప్రపంచ భాషలన్నిటికీ తల్లి సంస్కృతం" అని ఉంటుంది. దాని కింద ఒకరు "మన తెలుగు కూడా అందులోంచి వచ్చిందే" అని దండం ఎమోజీ పెడతారు. ఇంకొకరికి ఒళ్ళు మండి "అంతా బూటకం, ఆ భాషకీ ఈ భాషకీ సంబంధమే లేదు" అంటారు. ఇక గొడవ. చివరికి అడ్మిన్ గ్రూపుని లాక్ చేస్తాడు.

నా దృష్టిలో ఇద్దరూ తప్పే. ఆ పదాల జతలు నిజమైనవి. వాటి కింద రాసిన ముగింపు నిజం కాదు. ఈ రెండిటి మధ్య ఉన్న తేడాని పట్టి ఇచ్చే గుర్తు మన కీబోర్డులో ఎనిమిది అంకె మీదే ఉంది: * . మన క్లబ్‌లో పదాల పుట్టుక గురించి రాసేవాళ్ళందరూ ఆ గుర్తుని వాడటం నేర్చుకోవాలని నేనంటాను. ఎందుకో చెప్పడానికి ఒకే ఒక్క విశేషణం తీసుకుంటాను. "కొత్త" అనే అర్థం ఉన్న ఆదిమ స్లావిక్ మాట: *నొవు. చివరి ఉకారాన్ని పూర్తిగా పలక్కండి, సగంలో మింగేయండి. అది అంత పొట్టి అచ్చు.

ముందుగా ఆ నక్షత్రం సంగతి. మనకి అది సి లాంగ్వేజ్‌లో పాయింటర్. భాషాశాస్త్రంలో దాని అర్థం "ఈ రూపం ఎక్కడా రాసి దొరకలేదు, ఉన్న ఆధారాల్నిబట్టి మేం తిరిగి కట్టుకున్నది" అని. రష్యన్, ఉక్రేనియన్, పోలిష్, చెక్, సెర్బియన్, బల్గేరియన్ వగైరాలన్నీ ఒకే మూలభాష నుంచి చీలాయి. ఆ మూలభాషలో ఎవరూ ఒక్క వాక్యం కూడా రాసి పెట్టలేదు. థెస్సలొనీకీ నుంచి సిరిల్, మెథోడియస్ అనే అన్నదమ్ములు 863లో మొరావియాకి మతప్రచారానికి వెళ్ళినప్పుడు స్లావ్‌ల మాటకి మొదటిసారి ఒక లిపి, ఒక సాహిత్యం వచ్చాయి. కానీ వాళ్ళు రాసిన భాష అప్పటికే దక్షిణ కొమ్మ వైపు కాస్త ఒరిగిపోయింది. గిట్ భాషలో చెప్పాలంటే బ్రాంచ్‌లన్నీ ఉన్నాయి, అవి విడిపోయిన కమిట్ మాత్రం ఎవరి దగ్గరా లేదు. లాగ్ కూడా లేదు. బ్రాంచ్‌లని పక్కపక్కన పెట్టి ఆ కమిట్‌లో ఏముండేదో రాబట్టాలి. రాబట్టిన దాని ముందు నక్షత్రం పెట్టాలి.

ఈ అలవాటుని బాగా వ్యాప్తిలోకి తెచ్చినవాడు జర్మన్ పండితుడు ఆగస్ట్ ష్లైకర్. ఆయనకి ఎంత ధైర్యమంటే, ఇండో యూరోపియన్ మూలభాషలో ఏకంగా ఒక చిన్న కథే రాసి 1868లో అచ్చు వేయించాడు, గొర్రె, గుర్రాల కథ. ఆ తర్వాతి తరాల పండితులు ఆ కథని మళ్ళీ మళ్ళీ తిరగరాశారు. శబ్దాల గురించి తెలిసింది మారినకొద్దీ కథలో ప్రతి మాటా మారింది. దీన్ని చూసి "ఇదంతా ఊహేగా" అనేవాళ్ళున్నారు. తప్పు బయటపడితే దిద్దుకోవడానికి వీలున్న ఊహకీ, ఎప్పటికీ దిద్దుకోని పోస్టర్‌కీ తేడా లేదా?

ఇప్పుడు *నొవు పుట్టుక. లాటిన్‌లో నొవుస్, గ్రీకులో నెఓస్, హిట్టైట్‌లో నెవ, సంస్కృతంలో నవ. ఇవన్నీ *నెవొస్ అనే రూపం నుంచి వచ్చాయంటారు. స్లావిక్ వైపు ఏం జరిగిందంటే, వకారం ముందున్న ఎకారం ఒకారమైంది, చివరి -ఒస్ అరిగి అరిగి ఆ మింగేసే ఉకారంగా మిగిలింది.

పోస్టర్ వాళ్ళు ఇక్కడ అడుగుతారు: సంస్కృతంలో నవ ఉందిగా, అదే మూలమని ఎందుకు అనుకోకూడదు? మంచి ప్రశ్నే, దీనికి జవాబు మన బ్రాంచ్ వాళ్ళకి తేలిగ్గా ఎక్కుతుంది. పాత ఎ, ఒ, అ మూడూ సంస్కృతంలో కలిసిపోయి ఒక్క అకారమయ్యాయి. అంటే లాసీ కంప్రెషన్. సంస్కృతమే మూలమైతే, దాని అకారాల్లో దేన్ని ఎ చెయ్యాలో దేన్ని ఒ చెయ్యాలో గ్రీకు వాడికి ఎలా తెలిసింది? పోయిన సమాచారం కూతురి దగ్గర తిరిగి పుట్టదు. కాబట్టి మూడు అచ్చులూ ఉన్న పాతరూపం ఒకటి అంతకు ముందే ఉండాలి.

దీనికి సాక్ష్యం సంస్కృతంలోనే దాగుంది. "మరియు" అని చెప్పడానికి సంస్కృతంలో చ ఉంది కదా. లాటిన్‌లో దానికి జోడీ క్వె. అక్కడ క ఉంటే ఇక్కడ చ ఎలా వచ్చింది? తర్వాత ఒకప్పుడు ఎకారం ఉండబట్టి. ఎ, ఇ లాంటి అచ్చుల ముందు కకారం మెత్తబడి చకారం కావడం ఎన్నో భాషల్లో జరిగే పని. చ అలా మారిపోయాక ఆ ఎకారం కూడా అకారమైపోయింది. దొంగ వెళ్ళిపోయాడు, చెప్పు మాత్రం గుమ్మం దగ్గర మిగిలింది.

ఈ దొంగ మన ఇంటికీ వచ్చాడు. తెలుగులో చెవి, తమిళంలో చెవి, కన్నడంలో కివి. ఓటింగ్ పెడితే చకారమే గెలుస్తుంది, రెండుకి ఒకటి. కానీ ద్రావిడ మూలరూపం *కెవి అని పండితులు కట్టారు. హల్లు కన్నడం దాచింది, అచ్చు తెలుగు, తమిళాలు దాచాయి. తుళు వాళ్ళు ఇప్పటికీ కెబి అంటారు. మెజారిటీ చెప్పింది సరైన జవాబు కావాలని లేదు అని నాకు మెషీన్ లెర్నింగ్ క్లాసు కంటే ముందు ఈ చెవే చెప్పింది.

నవ గురించి ఇంకో ముచ్చట. సంస్కృతంలో నవతో పాటు నవ్య కూడా ఉంది, రెండూ తెలుగులోకి వచ్చాయి. మూలభాషలోనే ఈ రెండు రూపాలూ ఉండేవి. *నెవొస్ నుంచి నవ, నొవుస్, *నొవు వచ్చాయి. యకారం ఉన్న *నెవ్యొస్ నుంచి నవ్య, లిథువేనియన్ నౌయస్, ఇంగ్లిష్ న్యూ వచ్చాయి. అంటే స్లావిక్‌కి అతి దగ్గరి చుట్టమైన లిథువేనియన్, ఈ ఒక్క మాటలో మాత్రం ఇంగ్లిష్ పక్కన కూర్చుంది. "నవ్యాంధ్ర"లో నవ్య ఇంగ్లిష్ న్యూకి సొంత అన్న, నవ పెదనాన్న కొడుకు. ఇలాంటివి చూసినప్పుడే చెట్టు బొమ్మలు నమ్మొద్దనిపిస్తుంది. గీతలు మరీ తిన్నగా గీస్తారు.

ఇక వ్యాకరణం. నాకు ఈ మాట మీద మోజు కలిగింది ఇక్కడే.

తెలుగు విశేషణం బద్ధకస్తురాలు. కొత్త ఇల్లు, కొత్త పాప, కొత్త పుస్తకాలు, కొత్త ఊళ్ళో. కొత్త కొత్తగానే ఉంటుంది. స్లావిక్ విశేషణానికి ఆ సుఖం లేదు. పక్కనున్న నామవాచకం లింగం, వచనం, విభక్తి ఏదైతే అది తనూ వేసుకోవాలి. ఇల్లు వాళ్ళకి పుంలింగం, కాబట్టి *నొవు. చెయ్యి స్త్రీలింగం, కాబట్టి *నొవా. పల్లె నపుంసకం, *నొవొ. సంబోధనతో కలిపి ఏడు విభక్తులు, ద్వివచనంతో కలిపి మూడు వచనాలు. సంస్కృతం పరీక్షకి శబ్దాలు బట్టీ పట్టినవాళ్ళకి ఈ బాధ పరిచయమే.

ఇక్కడి దాకా పాత సరుకే, ఇండో యూరోపియన్ ఇంటి నుంచి తెచ్చుకున్నది. స్లావ్‌లు, వాళ్ళ పక్కింటి బాల్టిక్ వాళ్ళు కొత్తగా చేసింది ఇంకొకటి ఉంది. ఇంగ్లిష్‌లో "ఎ", "ద" ఉన్నట్టు వాళ్ళ భాషలో ఆర్టికల్ లేదు. మనకీ లేదు. ఏదో ఒక కొత్త కోటు అనడానికీ, మనిద్దరికీ తెలిసిన ఆ కొత్త కోటు అనడానికీ తేడా చూపించాలంటే ఎలా? మనం "ఆ" పెడతాం. వాళ్ళు విశేషణం తోకకి *యి అనే సర్వనామం కట్టారు. *నొవు అంటే ఏదో ఒక కొత్త. *నొవుయి అంటే ఆ కొత్త. స్త్రీలింగంలో *నొవాయా, నపుంసకంలో *నొవొయె.

కట్టి ఊరుకోలేదు. విభక్తి మారితే రెండు ముక్కలూ మారాలి. షష్ఠిలో *నొవాయెగొ: ముందు ముక్క తన ప్రత్యయం వేసుకుంది, వెనక ముక్క తన ప్రత్యయం వేసుకుంది. చతుర్థిలో *నొవూయెము. ఒక్క మాట లోపల రెండు సార్లు విభక్తి! కోడ్ రివ్యూలో ఇలా రాస్తే డూప్లికేట్ లాజిక్ తీసెయ్యమంటారు. నిజంగానే తీసేశారు. తర్వాతి శతాబ్దాల్లో మధ్యలో అచ్చులు కలిసిపోయి ఒక్క ప్రత్యయంలా మిగిలాయి. రష్యన్‌లో నోవీ, నోవయా అలా వచ్చినవే. "నోవయా గజెతా" అనే పత్రిక పేరు వార్తల్లో వినే ఉంటారు, దాని అప్పటి ఎడిటర్ ద్మీత్రీ మురతోవ్‌కి 2021లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ "నోవయా"లో *నొవా, *యా రెండూ అతుక్కుని ఉన్నాయి. ఆ పేరు పలికే రష్యన్‌కి ఆ అతుకు కనిపించదు.

అసలు తేడా కూడా రష్యన్‌లో పోయింది. పొట్టి రూపం "ఇల్లు కొత్తది" అనే తరహా వాక్యం చివర మాత్రమే మిగిలింది. సెర్బియన్‌లో ఇంకా బతికుంది: నొవ్ కపుత్ అంటే ఒక కొత్త కోటు, నొవీ కపుత్ అంటే ఆ కొత్త కోటు. నొవీ సాద్ నగరం పేరులో పొడుగు రూపమే ఎందుకుందంటే, ఊరి పేరంటే అందరికీ తెలిసిన ఆ ఊరే కదా. బల్గేరియన్ వాళ్ళయితే పాత తోక అరిగిపోయాక మళ్ళీ ఇంకో సర్వనామం తెచ్చి తగిలించారు: నొవియత్. అదే సమస్య, అదే ప్యాచ్, రెండోసారి. లిథువేనియన్‌లో కూడా నౌయస్, నౌయాసిస్ అని ఈ జంట ఉంది.

ఇప్పుడు మీలో కొందరికి వచ్చే ఆలోచన నాకు తెలుసు. మనమూ విశేషణానికి సర్వనామం కడతాం కదా! కొత్త + వాడు = కొత్తవాడు. కొత్త + అది = కొత్తది. టెన్నిస్ చూసేవాళ్ళకి ఇంకొకటి: నొవాక్ జొకోవిచ్ పేరులో నొవాక్ అంటే అక్షరాలా కొత్తవాడే. ఇంకేం, "తెలుగు స్లావిక్ భాషలు అక్కాచెల్లెళ్ళు" అని పోస్టర్ వెయ్యడానికి సరుకు రెడీ.

వెయ్యకూడదు. పనిని చూడాలి. వాళ్ళ *యి నిర్దిష్టతని చూపిస్తుంది, దాని తర్వాత నామవాచకం వస్తుంది. మన వాడు, ది విశేషణాన్నే నామవాచకం చేసేస్తాయి, తర్వాత ఇంకేం రానక్కర్లేదు. విభక్తి కూడా వెనక ముక్కకే, కొత్తవాడికి అంటాం, ముందున్న కొత్త కదలదు. నొవాక్‌లో ఉన్న -ఆక్ అసలు సర్వనామమే కాదు, ఒక ప్రత్యయం. రెండు టీములు ఒకర్నొకరు చూడకుండా ఒకే రకం ఫంక్షన్ రాసినంత మాత్రాన కాపీ కొట్టినట్టు కాదు. చుట్టరికం తేల్చేది నియమం తప్పకుండా పదే పదే కనిపించే శబ్దాల పొందిక, పైపైన కనిపించే పోలిక కాదు.

అలాంటి పొందిక ఎలా ఉంటుందో నొవ్‌గొరోద్ నగరం పేరే చెప్తుంది. *నొవు గొర్దు, కొత్త కోట. పేరులో కొత్త ఉన్నా వృత్తాంతాల లెక్కన 859 నుంచే ఉన్న ఊరు. నేపుల్స్ కూడా ఇదే బాపతు, గ్రీకులో నెఆపొలిస్, కొత్త నగరం, అదే *నెవొస్. మన కొత్తగూడెం, కన్నడ హోస్‌పేట, తమిళ పుదుక్కోటల్లాగా. రెండో ముక్క *గొర్దు తూర్పున గొరోద్ అయింది, దక్షిణాన గ్రాద్ అయింది, పోలిష్‌లో గ్రుద్ అయింది. ఇలాంటి మాటలన్నిట్లో ఇదే వరసలో మారింది. పాత రష్యన్‌లో "నొవ్‌గొరోద్ నుంచి" అనాలంటే నొవాగొరోదా అనేవారు, ముందు ముక్కకీ విభక్తి ఉండేది. ఇప్పుడు నొవ్‌గొరోదా అంటారు. రెండు మాటలన్న సంగతి ఊరివాళ్ళే మరిచిపోయారు.

ఆ గొర్దుని చాలా నిఘంటువులు సంస్కృత గృహంతో కలుపుతాయి. అంటే నొవ్‌గొరోద్, నవగృహం ఒకే రెండు మూలాల నుంచి. అబ్బ, ఎంత అందంగా ఉంది! ఇక "రష్యా నగరం అసలు పేరు నవగృహం" అని పోస్టర్ రేపే వచ్చేస్తుంది. రెండు మాటలూ ఒకే తాత మనవలు. మనవణ్ణి తీసుకొచ్చి ఇంకో మనవడికి నాన్న అంటే ఎలా?

ఇదే ఊళ్ళో 1951లో తవ్వకాల్లో భూర్జ పత్రాల మీద గీసిన ఉత్తరాలు బయటపడ్డాయి. ఇప్పటికి వెయ్యికి పైగా దొరికాయి. రాజులవి కాదు, మామూలు జనానివి: అప్పులు, సరుకులు, పెళ్ళి సంబంధాలు. ఒక ఉత్తరంలో కొడుకు అమ్మానాన్నలకి రాస్తాడు, ఇల్లు అమ్మేసి స్మొలెన్స్క్‌కో కీవ్‌కో వచ్చెయ్యండి, ఇక్కడ రొట్టె చవక అని. పన్నెండో శతాబ్దపు ఉత్తరం. మా ఊరి నుంచి హైదరాబాద్ వెళ్ళినవాళ్ళు ఫోన్‌లో చెప్పేదానికి సరిగ్గా తిరగేసి ఉంది, రొట్టె చవక అన్న ఒక్క ముక్కలో.

ఆ వాక్యంలో "చవక" అనే విశేషణం పొట్టి రూపంలో ఉంది, ఊహించినట్టే. కానీ చివర ఉండాల్సిన ఆ పొట్టి ఉకారం బదులు ఎకారం ఉంది. మొదట్లో కొన్నిటిని రాసినవాడి తప్పనుకున్నారు. ఆంద్రేయ్ జలిజ్న్యాక్ అనే పండితుడు ఉత్తరాలన్నీ కలిపి చదివి, అది తప్పు కాదు, ఆ ఊరి మాండలికం నియమమని చూపించాడు. నొవ్‌గొరోద్ జనం *నొవు అనే మాట చివర కూడా ఎ అనే పలికి ఉంటారు. దాంతో -ఒస్ అనే ముగింపు ఎలా -ఉ అయిందన్న పాత ప్రశ్న మళ్ళీ లేచింది, వాదన ఇంకా తెగలేదు. *నొవు ముందు నక్షత్రం అలంకారానికి పెట్టింది కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఆ మింగేసే ఉకారం తర్వాత రష్యన్ నోట్లోంచి పూర్తిగా పోయింది. అక్షరం మాత్రం 1918 సంస్కరణ దాకా పదాల చివర రాస్తూనే వచ్చారు. మనకి అరసున్న లాగా. వాఁడు అని రాసినప్పుడు ఆ సగం సున్న దండగ అనిపిస్తుంది, కానీ అక్కడ ఒకప్పుడు నిజంగా ముక్కుతో పలికే శబ్దం ఉండేది. ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకు అరసున్న ఏంటో తెలిసింది రష్యన్ అక్షరం గురించి చదివాకే. సిగ్గుపడాల్సిన విషయమేమీ కాదు గానీ, విచిత్రం.

ఇదంతా తెలుగు క్లబ్ పత్రికలో ఎందుకంటే, పోస్టర్ల వల్ల నష్టపోయేది రష్యన్ కాదు, తెలుగు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందని నమ్మితే, కొత్త అనే మాట నూతనకి పాడైపోయిన రూపంలా కనిపిస్తుంది. మన ఆహ్వానపత్రికలు చూడండి: "నూతన విద్యార్థులకు స్వాగతం" గౌరవం, "కొత్తవాళ్ళకి స్వాగతం" మొరటు. నవ, నవ్య, నూతన మూడూ మనం అరువు తెచ్చుకున్నవి, అందమైనవే, నాకేం పేచీ లేదు. కొత్త మాత్రం మనది, పాతరూపం క్రొత్త, క్రొన్నెల, క్రొవ్విరి దాని సంతానం. దానికీ *నొవుకీ ఏ చుట్టరికమూ లేదు. లేకపోవడం వల్ల దాని గౌరవం ఒక్క పిసరు తగ్గదు.

తెలుగు వేరే కుటుంబమని మొదటిసారి ఆధారాలతో అచ్చులో చూపించింది మద్రాసులో ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్, 1816లో, అదీ క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణం ముందుమాటలో. కాల్డ్వెల్ పుస్తకం కంటే 40 ఏళ్ళు ముందు. మన భాష వ్యాకరణం ముందు పేజీల్లో జరిగిన సంగతి, రెండు వందల ఏళ్ళు దాటినా మన గ్రూపుకి ఇంకా చేరలేదు! మన ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో తెలుగు ధాతువుల మీద, 2003లో ద్రావిడ భాషలన్నిటి మీద పుస్తకాలు రాశారు. రెండూ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి, అంటే మన బ్యాచ్‌కి ఆ సాకూ లేదు. తెరిస్తే పేజీ నిండా నక్షత్రాలే. బరో, ఎమెనో ద్రావిడ నిఘంటువు నెట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు.

వచ్చే సంచిక నుంచి "మాట పుట్టుక" పేజీ నేను చూస్తున్నాను. పంపేవాళ్ళు మాటతో పాటు కనీసం ఇంకో రెండు ద్రావిడ భాషల్లో దాని జోడీ రాయండి, ఏ శబ్దం దేనికి సరిపోతోందో రాయండి, మీరు కట్టిన రూపం ముందు నక్షత్రం పెట్టండి. అరువు మాటైతే అరువని రాయండి. కొత్తని తమిళ పుదుతో, కన్నడ హొసతో కలిపి ఎవరూ పంపకండి, వాళ్ళ పకారానికి మన దగ్గర కకారం వచ్చే నియమం లేదు. చెయ్యి, చెవి, చెరువు ఎవరైనా తీసుకోవచ్చు. మాను అనే మాటని నేను తీసుకున్నాను, మ్రాను ఎప్పుడు మాను అయిందో, తమిళ మరంలో ఉన్న ఆ మధ్య అచ్చు ఎటు పోయిందో చూడాలి.